తలుపెక్కిన చుట్టకుదుళ్ళు

మొన్న మా మనవరాలు నిజామాబాదు నుంచి ఒక ప్లాస్టిక్ పూలచక్రం కొనుక్కొచ్చి, దానికి బ్యాటరీ దీపాలు కూడా ఉన్నాయని మురిసిపోతూ వాకిటి తలుపుకు వేలాడదీసి, "అవ్వా, క్రిస్మస్‌కు గిట్ల తలుపుకు కట్టుడు ఇప్పుడొచ్చిన ఫ్యాషన్, నీకేం తెల్వది" అన్నది. నాకు తెలియదట! మా వాడలో మొట్టమొదట తలుపుకు పూలచక్రం కట్టిన చేతులివి, దాని మూలంగా గడీ దొరతోనే పేచీ పెట్టుకున్నవాళ్ళం, నాకు తెలియదట! ఈ కాలం పిల్లలకు చెప్పబోతే ఫోను చూసుకుంటూ ఊఁ కొడతారు కనుక, నా ఈడు వాళ్ళు ఎవరైనా చదువుతారేమోనని ఇక్కడ చెప్పుకుంటున్నాను.

నేను బాన్సువాడకు కాపురానికి వచ్చింది రెండో పెద్ద లడాయి నడుస్తున్న రోజుల్లో, కిరసనాయిలు దొరక్క పొద్దుండగానే తిని పడుకునే కాలంలో. మిషన్ బడిలో ఉండి నాలుగక్షరాలు నేర్చుకున్నదాన్ని కనుక నాకు కాస్త పొగరుండేది, అది ఇప్పటికీ పోలేదు, పోవాలని నేనెప్పుడూ కోరుకోలేదు. మా వాడంతా కిరస్తానీ ఇళ్ళే, అయినా వెట్టి మాత్రం మతం చూడలేదు. దొర పిలిస్తే ప్రతి ఇంటి కోడళ్ళూ కూలి మాట ఎత్తకుండా వెళ్ళి మోయాల్సిందే. నిజాంసాగర్ కాలువ నీళ్ళు వచ్చాక ఊరి చుట్టూ చెరకు పెరిగింది, చెరకుతో పాటు మా ఆడవాళ్ళ నెత్తిన మోపులూ పెరిగాయి. సరిగ్గా క్రిస్మస్ రోజుల్లోనే బెల్లం గానుగలు మొదలయ్యేవి. పండుగ నాడు గుళ్ళో కూర్చుని ప్రార్థన చివరిదాకా వినడమనేది మా అత్త ఎరగదు.

ఆ ఏడు మా యారాలు, అంటే మా బావగారి భార్య, నిండు నెలల మనిషి. అంతకు ముందు కాన్పులో ఇలాగే చెరకు మోపు మోసి, గానుగ దగ్గరే కూలబడి బిడ్డను పోగొట్టుకున్నది. ఈసారి పిలుపు వస్తే ఏం చేయాలన్నదే మా ఇంట్లో అందరి ఫికరూ. ఆమె వంతు నేను మోస్తానని ఒకసారి అన్నాను గాని, దొర గుమాస్తా తలలు లెక్కపెడతాడు తప్ప మోపులు లెక్కపెట్టడని అత్త కొట్టిపారేసింది. యారాలు మాత్రం పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చునేది.

ఇక పూలచక్రం సంగతి. మా బడిలో మిషన్ దొరసానమ్మ క్రిస్మస్‌కు సరుగుడు కొమ్మలు గుండ్రంగా వంచి, ఎర్ర రిబ్బను కట్టి తలుపుకు వేలాడదీసేది. మా గుడిసెకూ అట్లాంటిది ఒకటి ఉండాలని నాకు పట్టుదల. కాని మా వాడ చుట్టుపక్కల సరుగుడెక్కడిది? ఈత మట్ట వంచబోతే విరిగింది, తుమ్మ కొమ్మ వంచబోతే చేతులు గీరుకుపోయాయి. అప్పుడు దూలానికి వేలాడుతున్న మా అత్త చుట్టకుదురు కనిపించింది. ఈ కాలం వాళ్ళ కోసం చెబుతున్నాను, బరువు మోసేటప్పుడు నెత్తికి ఒత్తుకోకుండా అడుగున పెట్టుకునే, వరిగడ్డితో పేనిన గుండ్రటి మెత్త అది. దొరసానమ్మ తలుపు మీది దానికంటే చక్కని గుండ్రం! అత్తను అడిగితే, "గదేందే, నెత్తి మీదిది తీస్కపోయి తలుపుకు గడ్తవా, పిచ్చి పిల్లా" అని నవ్వి ఇచ్చేసింది. దాని చుట్టూ బంతిపూలు గుచ్చి, మామిడాకులు దూర్చి, గురిగింజ తీగ ఒకటి చుట్టేసరికి, పగిలిన కాయల్లోంచి ఎర్రటి గింజలు కనిపిస్తూ ఎంత కళగా ఉందంటే, పొద్దు గూకేలోపు వాడలో ఆడవాళ్ళంతా తమ తమ కుదుళ్ళు పట్టుకుని నా ముందు కూర్చున్నారు. వాడలో బంతిపువ్వు మిగలలేదు.

తెల్లవారి, పండుగ నాడు, గుడికి బయలుదేరుతుండగా దొర గారి గుమాస్తా దిగాడు. గానుగ పొయ్యి రాజేశారట, చెరకు మోయడానికి అందరూ రావాలట. చెబుతున్నవాడు మధ్యలో ఆపి, ఒక తలుపు చూశాడు, పక్క తలుపు చూశాడు, వాడ పొడుగునా చూశాడు. అన్ని తలుపులకూ చుట్టకుదుళ్ళే. ఆయనకు పువ్వులు కనిపించలేదు, ఆకులు కనిపించలేదు.

"ఏందే ఇది? కుదుర్లన్ని తీసి తలుపులకు గట్టిన్రు? ఇగ మొయ్యమని దొరకు చెప్పుడా?" అని మా అత్త మీదికి వచ్చాడు.

నిజం చెబుతున్నాను, మాలో ఎవరికీ ఆ ఊహే లేదు. పండుగ ముస్తాబు అయ్యా అని నేను నోరు తెరవబోయాను. మా అత్త నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. పట్టుకుని, ఒకసారి యారాలి వంక చూసి, గుమాస్తా వైపు తిరిగింది.

"అవ్. మొయ్యమనే. ఇయ్యాల మొయ్యం. కడుపుతోనున్నోళ్ళు, బాలింతలు ఎన్నడు మొయ్యరు. పోయి చెప్పు."

ఆయన ముఖం ఎర్రబడింది. మా తలుపు మీది చక్రాన్ని పీకి మట్టిలో విసిరికొట్టాడు. కొత్త కోడలు మగవాళ్ళ ముందుకు రాకూడదన్న మర్యాద నాకూ తెలుసు, కాని ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి దాన్ని తీసి, దుమ్ము దులిపి, ఆయన కళ్ళ ముందే తలుపుకు బిగించాను. "ఇగో, మళ్ల గట్టిన. ఇంకోసారి పీకు, ఇంకోసారి గడ్త" అన్నాను. మాట వెనక్కి తీసుకోలేదు. అప్పటికి వాడ ఆడవాళ్ళంతా ఎవరి తలుపుకు వాళ్ళు అడ్డంగా నిలబడి ఉన్నారు. ఆయన అందరినీ ఒక చూపు చూసి వెళ్ళిపోయాడు.

ఆ రోజు మా అత్త గుళ్ళో మొదటి పాట నుంచి చివరి ఆమెన్ దాకా కూర్చుంది, యారాలిని ఆనుకుని. దొర ఉండే గడీ నుంచి ఎవరొస్తారోనని మా చెవులన్నీ తలుపు వైపే ఉన్నాయి, అది వేరే సంగతి. ఎవరూ రాలేదు గాని సాయంత్రానికి కబురు వచ్చింది, ఇక కూలికి కూడా మా వాడ వాళ్ళు దొర చేలల్లో అడుగు పెట్టవద్దని. మగవాళ్ళు కొందరు పోయి కాళ్ళు పట్టుకుందామన్నారు. పట్టుకునేవాళ్ళు పొమ్మని, ఇంటికి మాత్రం తిరిగి రావద్దని అన్నది మా అత్త! ఎవరూ పోలేదు. బీర్కూర్ దాకా నడిచి వెళ్ళి దొరికిన కూలి చేశాం, కొన్ని పూటలు పలచటి జొన్న గటక తాగి పడుకున్నాం. కొట్టి వేసిన చెరకు మోసేవాళ్ళు లేక ఎండిపోతుంటే చివరికి ఆ గుమాస్తానే మా వాడకు వచ్చి, కడుపుతో ఉన్నవాళ్ళనూ బాలింతలనూ పిలవబోమని, పండుగ నాడు ఎవరినీ పిలవబోమని ఒప్పుకుని మమ్మల్ని తీసుకుపోయాడు. వెట్టి అంతా పోవడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. కాని అప్పటికే యారాలి పక్కలో ఆడపిల్ల కెవ్వుమని ఏడుస్తూ ఉంది.

ఇప్పుడు గడీ ఉన్న చోట ఫంక్షన్ హాలు లేచింది. చుట్టకుదురంటే ఏమిటో మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే మంచిది, దాని కోసమే కదా అంత రభస చేసింది అనుకుంటాను, మళ్ళీ ఒక్కదాన్నే గుర్తుపెట్టుకుని కూర్చోవడం ఎందుకో కష్టంగా ఉంటుంది. మా అత్త పోయినప్పుడు చివరి స్నానం నేనే చేయించాను. ఆమె నడినెత్తిన అరచెయ్యంత మేర వెంట్రుక మొలవని చోటు ఉంది, నున్నగా, గట్టిగా. మోపులు రాసి రాసి అట్లా అయింది.

ఆనాటి యారాలి కూతురు ఇప్పుడు పిట్లంలో ఉంటుంది, ఆమెకూ మనవలున్నారు. పండుగకు వచ్చినప్పుడల్లా పట్టుకుని కూర్చోబెట్టి తలకు నూనె రాస్తాను. గీ వయసుల నాకు నూనె ఏంది చిన్నమ్మా అని నవ్వుతుంది. జుట్టు తెల్లబడింది గాని, నడినెత్తిన ఎంత ఒత్తుగా ఉందో!