పంకజాక్షి సిస్టర్ ఉండగా కాళ్లు చాపుకోవడమా!

పంకజాక్షి సిస్టర్‌కి కదలని కాలు కనబడితే ఒళ్లు మండుతుంది. తిరుపతిలో ఆమె పనిచేసే ఆసుపత్రిలో కుర్చీలు కొనడం శుద్ధ దండగని వాచ్‌మన్ నుంచి మేనేజర్ దాకా అందరికీ తెలుసు. ఎవరు కూర్చున్నా ఆమె లేపేస్తుంది. ఒకసారి డాక్టర్ అమర్‌నాథ్ కుర్చీలో వాలి ఫోన్ మాట్లాడుతుంటే గుమ్మంలో నిలబడి, "మాట్లాడేది నోరు గదా సార్, కాళ్లు కాళీగానే ఉండాయి. నడస్తా మాట్లాడండి" అంది. పాపం, ఆ పెద్దమనిషి భార్యతో మాట్లాడుతూ మాట్లాడుతూ మందుల షాపు దాకా పోయి వచ్చాడు.

ఏ మహానుభావుడికి తోచిందో గానీ, ఈవిణ్ణి తెచ్చి డయాలసిస్ వార్డుకి హెడ్ నర్సుని చేశారు. కిడ్నీలు మొరాయించినవాళ్లు వారానికి మూడుసార్లు వచ్చి, చేతికి సూదులు గుచ్చించుకుని, నెత్తురు మిషన్లో శుభ్రమయ్యేదాకా నాలుగేసి గంటలు పడుకునే చోటది. వరసగా మంచాలు, వరసగా చాపిన కాళ్లు! ఆవిడ కడుపు రగిలిపోయేది.

"సూది గుచ్చింది చేతికి గదా? కాళ్లకేమొచ్చింది రోగం? ఆడించండి!"

ఆవిడ చెప్పుల చప్పుడు వినబడగానే దుప్పట్ల కింద పాదాలన్నీ లేచేవి. దాటిపోగానే పడిపోయేవి. ఒకరోజు పాకాల నుంచి రోగికి తోడొచ్చిన బావమరిది, బెంచీ మీద గురక పెడుతూనే రెండు పాదాలూ ఆడించాడు. రోగం ఆయనది కాదని చెప్పినా సిస్టర్ వినలేదు. "ఆడించనీ, పోయేదేముంది?" అంది.

ఇదంతా టెక్నీషియన్ జయరావుకి గిట్టేది కాదు. మిషన్లు చూసుకునేది ఆయన. అవి కూస్తే పరుగెత్తేదీ ఆయనే. అందుకే రోగుల చేత వ్యాయామం చేయించడం మీద డాక్టర్ అమర్‌నాథ్ మీటింగు పెట్టినప్పుడు ముందే నోరు విప్పాడు. "కాళ్లాడిస్తే మంచిదే సార్. సూది జారితే మాత్రం నా మెడకి చుట్టుకుంటాది."

"మంచిదే," అంది నర్సు ఐశ్వర్య. "మాకు నీళ్లు తాగే తీరికే లేదు, ఎవరు చేయించాల?"

"మంచిదే," అంది కింది అంతస్తు నుంచి వచ్చిన ఫిజియోథెరపిస్టు భానుశ్రీ. "నేను పైకొస్తే ఆడ మోకాళ్లు ఎవరు చూస్తారు?"

"చాలా మంచిది," అని డాక్టరు కూడా ఒప్పుకున్నాడు. "కానీ మన పని కాదు."

అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే, మోసేవాళ్లే లేరు. మీటింగు జరిగినంతసేపూ నిలబడే ఉన్న పంకజాక్షి, "అంత మంచిదైతే ముందు మీరు లేయండి" అని తలుపు తీసింది.

ఆ వార్డుకి నగరి నుంచి దేవరాజులు వచ్చేవాడు. చేతిమగ్గం నేసే మనిషి. జబ్బు పడ్డాక మగ్గం దిగాడు, ఆ తర్వాత నడకా మానేశాడు. వాడకపోయేసరికి కాళ్లు పుల్లలయ్యాయి. గేటు దగ్గర ఆటోవాళ్లు ఇద్దరు ఎత్తి చక్రాల కుర్చీలో వేస్తే, భార్య మునిరత్నమ్మ తోసుకొచ్చేది. ఒక శుక్రవారం జయరావు సూది గుచ్చుతుంటే ఆయన మెల్లగా అన్నాడు.

"సోమవారం నుంచి నేను రానప్పా. మోసుకోని తిరిగేదానికి నేనేమన్నా ఉత్సవ విగ్రహాన్నా?"

మునిరత్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. జయరావు చెయ్యి ఆగిపోయింది. డయాలసిస్ మానితే ఏమవుతుందో ఆయనకి తెలుసు, దేవరాజులుకీ తెలుసు. "అట్లనద్దు పెద్దాయనా" అని బతిమాలబోయాడు. అంతలో చెప్పుల చప్పుడు.

"రాకపోతే మానుకో," అంది పంకజాక్షి. "అయినా నువ్వు మగ్గం నేసినావంటే నేను నమ్మను. ఈ కాళ్లతోనా?"

దేవరాజులు ముఖం ఎర్రబడింది. "ఏమన్నావు? పదేండ్లప్పుడెక్కినా మగ్గం!"

"నోటితో నేసింటావులే."

"కాళ్ల కింద తొక్కుడు పలకలు పెట్టు, సూపిస్తా!"

ఆవిడ మందుల అట్టపెట్టెలు రెండు తెచ్చి ఆయన పాదాల కింద పెట్టింది. దేవరాజులు తొక్కాడు. ఒక కాలు, ఇంకో కాలు. మొదట వణికాయి, తర్వాత లయ కుదిరింది. వార్డంతా తలలెత్తి చూసింది. ఐశ్వర్య చప్పట్లు కొట్టింది. జయరావు కూడా, ఎవరూ చూడకుండా, మురిసిపోయాడు.

అక్కడే కొంప మునిగింది. నేతగాడి కాలు తొక్కితే చెయ్యి ఊరుకుంటుందా? పోగును దగ్గరికి కొట్టే చట్రాన్ని లాగడానికి, సూదులున్న ఎడమ చెయ్యి దానంతటదే లేచి గుండెల మీదికి గుంజుకుంది. ట్యూబు మెలిపడింది, మిషన్ కెవ్వుమంది. జయరావు మంచం మీదికి దూకి చెయ్యి పట్టుకున్నాడు. అదృష్టం బాగుండి సూది కదల్లేదు.

డాక్టర్ అట్టపెట్టెలు బయట వేయించి, ఇకమీదట ఈ వార్డులో వ్యాయామం మాట వినబడకూడదన్నాడు. తను చెప్పిందే జరిగింది గనక జయరావు సంతోషించాల్సింది. కానీ దేవరాజులు గోడవైపు తిరిగి పడుకుంటే ఆయనకి అన్నం సయించలేదు.

సోమవారం దేవరాజులు మంచం ఖాళీగా ఉంది. పంకజాక్షి మామూలుగానే అందరి కాళ్లనీ తిడుతోంది గానీ కళ్లు మాత్రం గుమ్మం మీదే ఉన్నాయి. జయరావు ఉండబట్టలేక బయటికొచ్చాడు.

వరండాలో గోడ పట్టుకుని దేవరాజులు నడిచి వస్తున్నాడు! నాలుగడుగులేస్తాడు, ఆగుతాడు, రొప్పుతాడు. జయరావు పట్టుకోబోతే కసిరాడు. "జరుగబ్బా! ఆ మహాతల్లి యాడుండాదో సెప్పు ముందు."

వెనక సంచి పట్టుకొస్తున్న మునిరత్నమ్మ గుసగుసగా చెప్పింది. "నిన్న సెలవు గదా, సిస్టరమ్మ బస్సెక్కి మా ఇంటికొచ్చేసినాదన్నా. 'ఇది మగ్గమా, గుడ్డలారేసుకునే దండెమా?' అని మొగుడూ పెండ్లాం మాదిరి పోట్లాడినాది. ఈయన రోషంతో మగ్గమెక్కి జానెడు నేసినాడు. బస్సు కాడ నన్ను పట్టుకోని ఏడ్చినాది. 'బతిమాలితే పండుకుంటాడు రత్నమ్మా, తిడితే లేస్తాడు. ఏం చేసేది నేను?' అనింది."

జయరావు గుమ్మంలో నిలబడి వార్డు పొడవునా చూశాడు. ఆవిడ మీద చాడీలు చెప్పడానికే ఒక్క పూట మానకుండా వచ్చేవాళ్లు ఎంతమందో అప్పుడర్థమైంది. డాక్టర్ దగ్గరికి పోయి, "సార్, ఎడమ చెయ్యి ఒకరు పట్టుకోనుంటే చాలు. మిషన్ సంగతి నేను సూసుకుంటా" అన్నాడు. డాక్టర్ ఒకసారి దేవరాజులు కాళ్లవైపు చూసి, "సరే, మెల్లగా" అన్నాడు.

దేవరాజులుకి సూదులు గుచ్చాక, పంకజాక్షి అట్టపెట్టెలు మళ్లీ తెచ్చి పాదాల కింద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది. వార్డు నివ్వెరపోయింది. ఆవిడ కూర్చోగా ఇంతవరకూ చూసినవాళ్లు లేరు. "కాళ్లు నీవి, చెయ్యి నాది. తొక్కు" అని ఆయన ఎడమ చేతిని రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

తొక్కింది కాసేపే. తర్వాత మిషన్ సన్నగా తిరుగుతోంది. జయరావు వచ్చి చూస్తే, చెయ్యి పట్టుకున్నది పట్టుకున్నట్టే, తల మంచం అంచుకి వాల్చి సిస్టర్ నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుంది, కాళ్లు బార్లా చాపేసింది. జయరావు భుజం తట్టి లేపబోయాడు.

దేవరాజులు కుడిచేత్తో వారించాడు. ఎడమ చెయ్యి మాత్రం వేలు కూడా కదపలేదు.

"లేపొద్దప్పా. బుధవారం రానీ నన్ను, ఈ చాపిన కాళ్ల సంగతి తేలుస్తా."