బొట్టుబొట్టుగా మట్టయ్యగారు

మట్టయ్యగారు దేన్నీ ఒక్కసారిగా మార్చరు. అందువల్లే మన్సూరాబాద్‌లో ఆయన పై వాటాలో మేము అద్దెకు దిగిన రోజున, నన్నూ మా ఆవిడ వేదవతినీ గంటా పది నిమిషాలు మెట్ల మీద కూర్చోబెట్టారు. కొత్తింట్లో పొంగించడానికి తెచ్చిన పాలు ఈలోగా విరిగిపోయాయి. విరిగిన పాలు పొంగించవచ్చా అని తణుకులో ఉన్న మా అత్తగారికి ఫోన్ చేసి అడిగాం. ఆవిడ ఫోన్ మా మామగారి చేతికిచ్చేసింది.

"మొదలు జర మెట్లమీద కూసోండ్రి సారూ. ఇల్లు మిమ్ముల చూడాలె, మీరు ఇల్లును చూడాలె," అన్నారాయన గుసగుసగా. ఆయన గొంతెప్పుడూ అంతే. పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు మాట్లాడతారు.

మేము ఇంటిని చూశాం. ఇల్లు మమ్మల్ని చూస్తూనే ఉంది. మెట్లవైపు తెరిచిన కింది వాటా కిటికీలోంచి నీలం వెలుగొకటి వచ్చి వేదవతి ముఖం మీద పడుతోంది. లోపల ఎక్కడో టక్, టక్ మని బొట్లు పడుతున్నాయి. తొంగి చూస్తే కిటికీ కమ్మీకి సెలైన్ సీసా వేలాడుతోంది. దవాఖానలో ఉండేలాంటిదే. గొట్టం కిందికి దిగింది. కింద మంచం లేదు, రోగీ లేడు.

అది 2011 సెప్టెంబరు. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. బస్సులు హయత్‌నగర్ డిపోలో నిద్రపోతున్నాయి. నేను కెమిస్ట్రీ చెప్పడానికి చేరిన దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటరుకు తాళం పడింది. బొగ్గు లేక రోజుకు ఆరు గంటలు కరెంటు పోతోంది. టీవీ పెడితే మన ప్రాంతం, మీ ప్రాంతం. వేదవతి పెట్టె తెరవలేదు. గుమ్మం పక్కనే పెట్టి, "బస్సులు తిరిగిన రోజే తణుకు వెళ్ళిపోతానండీ. ఈలోగా ఇక్కడ ఒక్కరైనా నాతో నవ్వుతూ మాట్లాడితే అప్పుడు చూద్దాం," అంది. నేను సరేనన్నాను. ఉద్యోగం ఇక్కడ, మనిషి అక్కడ అయితే నేనేం కావాలో మాత్రం అడగలేదు.

సెలైన్ సీసా గుట్టు మర్నాడు తెలిసింది. దాని కింద రెండున్నర అడుగుల గాజుతొట్టి. అందులో సముద్రం. రెండు చిన్న చేపలు, వేళ్ళలా ఊగే మెత్తని పగడపు జీవులు. అవి ఒంటికి పట్టించుకునే సోడా, సున్నం లాంటివి నీళ్ళలో రోజూ తరిగిపోతుంటాయి. తరిగినంతా సీసాలోంచి బొట్టుబొట్టుగా పోస్తారాయన. మట్టయ్యగారిది పోచంపల్లి అద్దకాల ఇల్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టి ఇరవై ఏళ్ళయినా గోళ్ళలో నీలిమందు పోలేదు. ఆ వెలుగులో ఆ వేళ్ళు నల్లగా కనిపించేవి.

"నీళ్ళు మంచిగుంటే చాలదు సారూ, నిన్నటి లెక్కనే ఉండాలె," అన్నారు.

కొత్త చేపను తెచ్చిన రోజున దాన్ని బకెట్లో ఉంచి, తొట్టి నీళ్ళు సన్నటి గొట్టంతో బొట్టుబొట్టుగా కలిపి, అలవాటయ్యాకే లోపలికి వదులుతారట. ఎంతసేపు అని అడిగాను. గంటా పది నిమిషాలన్నారు. మమ్మల్ని చేపల్లో జమకట్టిన సంగతి నేను వేదవతికి చెప్పలేదు.

మీసం తీసేయాలనుకున్నప్పుడు ఆయన రెండు చివరల నుంచి మొదలుపెట్టి పదకొండు రోజుల్లో ముక్కు కిందికి చేరుకున్నారు. ఆ మధ్యరోజుల్లో పెళ్ళిళ్ళకు కూడా వెళ్ళారు. ఫ్యాను ఒకటి నుంచి ఐదుకు పెంచడానికి ఆయనకు అరగంట పడుతుంది. భార్య లలితమ్మగారిని అడిగితే, "పెండ్లయినంక మూడు నెలలకు నా పేరు అడిగిండు," అని చెప్పింది. కోపం కూడా అంతే. సోమవారం మొదలైన కోపం గురువారానికి గానీ గొంతులోకి రాదు. అప్పటికి అవతలివాడు కారణం మరిచిపోయి ఉంటాడు.

మేము దిగిన రోజు సాయంత్రమే కరెంటు పోయింది. మా మెట్ల మీద ఒక ముసలావిడ వచ్చి కూర్చుంది. మా తలుపు వంకే ఐదు నిమిషాలు చూసి, ఒక్క మాటా లేకుండా లేచి వెళ్ళిపోయింది. ఇన్వర్టరు మీద వెలిగే ఆ నీలం వెలుగులో తెల్లజుట్టు మాత్రమే కనిపించింది. మర్నాడు అదే వేళకు ఇద్దరు. ఆ మర్నాడు ముగ్గురు.

"ఏవండీ, ఇవాళ నలుగురు," అంది వేదవతి కిటికీ రెక్క చాటు నుంచి. "ఒక్కరూ నవ్వరు. నోళ్ళు బిగించుకుని కూర్చుంటారు. ఏం చేస్తారండీ మనల్ని?"

కనుక్కుందామని దిగాను. ముసలావిడ పెదవుల మీద వేలుంచి, మట్టయ్యగారి తలుపు వైపు చూపించింది. నేను ధైర్యంగా పైకి వచ్చేశాను.

ఐదో రోజు మధ్యాహ్నం మట్టయ్యగారూ లలితమ్మగారూ ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పుకు వెళ్ళారు. ఉద్యమం వంట రోడ్డు మీద. తొట్టిని నాకు అప్పగించి, "బొట్టు పడుతుందా చూడుండ్రి, అంతే. ముట్టకుండ్రి," అన్నారు.

చూశాను. కానీ నేను కెమిస్ట్రీ మనిషిని. తొట్టి పక్కనే ఆయన పరీక్షగొట్టం ఉంది. అందులో తొట్టినీళ్ళు పోసి, సోడా ఎంతుందో చెప్పే మందు చుక్కలు వేస్తే నీలం పసుపవుతుంది. ఎనిమిదో చుక్కకు మారాలి. ఆరో చుక్కకే మారింది. కాగితం తీసి లెక్క కట్టాను. లోటు పూడటానికి సీసాలో ఉన్న సోడా సరిగ్గా సరిపోతుంది. వారం రోజుల టక్ టక్ దేనికి? సీసా మూత తీసి మొత్తం పోశాను. లెక్క తప్పలేదు. ఇప్పటికీ చెబుతున్నాను, లెక్క తప్పలేదు.

నీళ్ళు తెల్లబడ్డాయి. లోపల మంచు కురిసినట్టు పొగ లేచి, రాళ్ళూ చేపలూ మాయమయ్యాయి. అద్దానికి దగ్గరగా ఊగుతున్న పగడపు వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకుని పిడికిళ్ళయ్యాయి. ఆ తెలుపులోంచి ఒక చేప నోరు అద్దం దాకా వచ్చి, తెరుచుకుని, మూసుకుని, వెనక్కి వెళ్ళిపోయింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

మట్టయ్యగారు వచ్చి చూశారు. చొక్కా చేయి మడిచి, తొట్టిలోంచి చెంబుడు తీసి, డ్రమ్ములో కలిపి ఉంచిన ఉప్పునీళ్ళు చెంబుడు పోస్తూ సాయంత్రమంతా నిలబడ్డారు. చేపలు రెండూ బతికాయి. పిడికిళ్ళు మాత్రం విప్పుకోలేదు. మర్నాడు ఆయన నన్ను చూసి నిట్టూర్చారు. ఆ మర్నాడు "సారూ"లో దీర్ఘం తగ్గింది. నేను రోజులు లెక్కపెట్టుకున్నాను. ఇల్లు ఖాళీ చేయమనే మాట ఎల్లుండికి గొంతులోకి వస్తుంది.

తొమ్మిదో సాయంత్రం, ఆ రాత్రి నుంచే బస్సులు తిరుగుతాయని ఎవరో పుకారు పుట్టించారు. వేదవతి పెట్టె పట్టుకుని దిగింది. వెనకాల నేను. మెట్ల మీద తొమ్మిదిమంది ఆడవాళ్ళు. ఆమెను చూడగానే అందరూ ఒకేసారి లేచి నిలబడ్డారు. ఆమె పెట్టెను తనకూ వాళ్ళకూ మధ్య అడ్డం పెట్టుకుంది.

"మట్టయ్యా," అని లోపలికి పిలిచింది ముసలావిడ. "ఇయ్యాల మాట్లాడొచ్చునా?"

"ఐదు మాటలే ముత్తమ్మా," అని లోపలినుంచి గుసగుస వినిపించింది.

"నీ ఐదు మాటలు పాడుగాను. తొమ్మిది దినాలసంది నోరు గట్టుకొని కూసున్న, పాణం పోయేటట్టున్నది," అని ముత్తమ్మ వేదవతి వైపు తిరిగింది. "ఏం కూరొండినవ్ బిడ్డా?"

"గోంగూర," అంది వేదవతి. అని, ఎందుకో తెలియదు, నవ్వేసింది.

ఆ తరువాత గోంగూరలో ఉల్లిపాయ వేస్తారా లేదా అన్నదాని మీద తొమ్మిదిమందీ విరుచుకుపడ్డారు. మధ్యలో అసలు సంగతి బయటికొచ్చింది. మేము దిగిన రోజే మట్టయ్యగారు ఇంటింటికీ తిరిగారట. ఆ పిల్ల బెదిరి ఉన్నది, టీవీల లొల్లి చూసి వచ్చింది, అందరూ ఒక్కసారే పోయి ఏ ఊరు, ఎందుకొచ్చిన్రు అని అడగకండ్రి, రోజుకొక్కరు పెరగాలె, ముందు మొఖాలు అలవాటు కావాలె, అన్నారట. నవ్వవచ్చునని చెప్పడం మరిచిపోయారు.

కిటికీలోంచి చూశాను. అద్దం పక్కన ఒక పిడికిలి సగం విప్పుకుని ఉంది.

వేదవతి పెట్టె పైకి తీసుకుపోయింది. మర్నాటి నుంచి రోజుకొక చీర బయటికి తీసి బీరువాలో పెట్టింది. ఆమెకూ అంటుకుందన్నమాట. అయితే ఆరోజు పైకి వెళ్ళేముందు మాత్రం మట్టయ్యగారి గుమ్మంలో ఆగి, నిలదీసింది.

"అన్నయ్యగారూ, మొదటిరోజే నాకో మాట చెప్పి, అందర్నీ ఒకేసారి పంపిస్తే ఏం పోయేదండీ? తొమ్మిది రోజులు భయంతో చచ్చాను."

మట్టయ్యగారు నా వైపు చూడకుండా, సీసా గొట్టం సర్దుతూ అన్నారు.

"ఒక్కసారే పోస్తే ఏమైతదో మా సారు చూపిచ్చిండు గద, చెల్లె."