ఎర్ర బిళ్ల

టిక్. ఆగి, మళ్లీ టిక్. ఈ ఉదయం మధురవాడలోని మా రిపేరు షాపులో ఒకమ్మాయి పాత లాప్‌టాప్ తెచ్చి ఆన్ చేయగానే లోపలి హార్డ్ డిస్కు ఆ చప్పుడు చేసింది. బల్లి పలికినంత చిన్న చప్పుడు. “ఇది తీసేసి కొత్త రకం డ్రైవు, ఎస్‌ఎస్‌డీ వేసెయ్యండక్కా. పది నిమిషాల పనేనట కదా,” అంది ఆ పిల్ల. నిజమే, పది నిమిషాల పనే. ఆ పది నిమిషాలంటే నాకెందుకింత భయమో చెప్పాలంటే సన్యాసిరావు బాబాయ్ గురించి చెప్పాలి.

ఈ షాపు ఆయన పెట్టిందే. గాజువాక వైపు ఒక రోలింగు మిల్లులో పాతికేళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసి, అది మానేశాక కంప్యూటర్ల పని నేర్చుకుని ఇక్కడ స్థిరపడ్డాడు. తగరపువలస నుంచి డిప్లొమా పట్టుకుని నేను పనిలో చేరేనాటికి ఆయనకు అరవై దాటాయి. చుట్టరికం లేదు, అయినా మొదటి రోజు నుంచీ బాబాయ్ అనే పిలిచాను. ఏదైనా డిస్కు ముట్టుకోబోయే ముందు ఆయన చేతులు సన్నగా వణికేవి. ఈయన స్క్రూలేం విప్పుతాడులే అని నవ్వుకున్నాను. ఒక్క స్క్రూ కింద పడకుండా విప్పేవాడు. నేనేమో క్లాసులో ఫస్టు. నాకు తెలియనిదేముందన్న పొగరు నెత్తికెక్కి ఉండేది.

ఆయనకో చాదస్తం ఉండేది. మిల్లులో యంత్రం విప్పే ముందు కరెంటు ఆపి, ఆ స్విచ్చుకు పనిచేసేవాడు తన పేరున్న ఎర్ర బిళ్ల తగిలిస్తాడట. తగిలించినవాడే తీయాలి, దేవుడు దిగివచ్చినా ఇంకొకరు తీయకూడదు. బిళ్ల వేలాడుతోందంటే అవతల ఒక మనిషి చెయ్యి యంత్రంలో ఉందని అర్థం. అదే పద్ధతి షాపులోనూ పెట్టాడు. పాత డిస్కు బయటికి తీయగానే దానికో ఎర్ర ప్లాస్టిక్ బిళ్ల తీగతో కట్టాలి. మీద పేరు సొంతదారే రాయాలి. కొత్త డ్రైవు వేశాక తన సరుకంతా ఉందని కళ్లారా చూసుకుని, ఆ మనిషే బిళ్ల విప్పాలి. “ఈ తాయెత్తులేటి బాబాయ్?” అని నేను ఆటపట్టిస్తే, “తాయెత్తే అనుకో పైడీ. నువ్వు మాత్రం తియ్యకు,” అనేవాడు.

అలా ఉండగా భీమిలి పక్క పల్లె నుంచి కొర్లయ్య అనే ఆయన వచ్చాడు. సముద్రంలో చేపల వేటకు వెళ్లే మనిషి. కూతురికి కాలేజీలో ఇచ్చిన లాప్‌టాప్‌ను చంటిబిడ్డను పట్టుకున్నట్టు తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. అదీ ఇలాగే టిక్కుటిక్కుమంటోంది. సముద్రం అడుగున రాతి పారలుంటాయి, చేప అక్కడ చేరుతుంది. ఆ పారలు ఎక్కడున్నాయో ఒడ్డున కొండల గుర్తులు పట్టి ఆయన తండ్రి నేర్పాడట. వాటినొక్కొక్కటీ తిరిగి చూసుకుని, జీపీఎస్ యంత్రంలో అంకెలుగా ఎక్కించుకున్నాడు. యంత్రం మొన్న నీళ్లపాలైంది. కూతురు దించిపెట్టడం వల్ల ఆ అంకెలు ఇక ఈ లాప్‌టాప్‌లోనే ఉన్నాయి.

“ఇంకో చోట కాపీ పెడదామా?” అన్నాడు బాబాయ్.

“వద్దు బాబూ. మా పారలు మా బామ్మర్దికి కూడా సూపించం. మీరూ తెరిసి సూడొద్దు. ఉన్నది ఉన్నట్టు కొత్తదాంట్లో ఏసీండి,” అన్నాడు కొర్లయ్య. బిళ్ల మీద వంకర అక్షరాలతో పేరు రాసి, సాయంత్రం వస్తానని వెళ్లాడు.

డిస్కులు కాపీ చేయడానికి మా దగ్గరొక డబ్బా ఉంది. దానికి రెండు గాళ్లు. ముందు గాడిలో పాతది, వెనక గాడిలో కొత్తది పెట్టి బటన్ నొక్కితే పాతదాంట్లో ఉన్నది కొత్తదాంట్లోకి అచ్చు దిగుతుంది. తిరగేసి పెడితే ఖాళీ డ్రైవు పాతదాన్ని తుడిచిపెట్టేస్తుంది. అందుకే బాబాయ్ వెనక గాడి అంచున ఒక రేకుముక్క బిగించాడు. బిళ్ల కట్టిన డిస్కు అందులో దిగదు. ఆ మధ్యాహ్నం ఆయన టీకి వెళ్లాడు. నేను ఫోన్లో స్నేహితురాలితో మాట్లాడుతూ కొర్లయ్య డిస్కును గాడిలో పెట్టబోతే దిగలేదు. రేకుకు బిళ్ల అడ్డం పడుతోంది. ఎందుకు దిగడం లేదని ఒక్క క్షణం ఆలోచిస్తే పోయేది. విసుగొచ్చి, తీగ విప్పి, బిళ్ల బల్ల మీద పడేసి, డిస్కు నొక్కి పెట్టాను. బటన్ కూడా నొక్కాను.

బాబాయ్ తిరిగొచ్చి గడపలోనే ఆగిపోయాడు. “బిళ్ల బల్ల మీదుందేటి?”

ఆ మాటతో గాళ్లవైపు చూశాను. కొత్తది ముందు గాడిలో, కొర్లయ్య డిస్కు వెనక గాడిలో ఉన్నాయి. నేను కదిలేలోగా ఆయన వచ్చి ప్లగ్గు పీకేశాడు. అప్పటికి నాలుగు నిమిషాలు గడిచాయి. ఆ నాలుగు నిమిషాల్లో డిస్కు మొదటి భాగం చెరిగిపోయింది. అందులో ఏం పోయాయో, ఏం మిగిలాయో తెలియదు. మిగిలినదాన్ని గాలించే సాఫ్ట్‌వేర్ పెట్టి కూర్చున్నాం. ఒక్కో శాతం కదలడానికి యుగమవుతోంది. సాయంత్రం కొర్లయ్య వస్తాడు.

“డిస్కు చచ్చిపోయిందని చెప్పేద్దాం బాబాయ్. ఎలాగూ పాడయ్యిందే కదా. ఆయనకేం తెలుస్తుంది?” అన్నాను. సిగ్గుమాలిన మాట. అయినా అన్నాను.

ఆయన తిట్టలేదు. సొరుగు లాగి ఎర్ర రంగు పోయి తుప్పుపట్టిన ఒక రేకు బిళ్ల తీశాడు. దాని మీద అప్పన్న అని ఉంది. అంతకుముందు ఎన్నోసార్లు చూసి, ఏదో నమూనా కాబోలనుకున్నాను.

“మిల్లులో నాతో పన్జేసినోడు. మీ తగరపువలసోడే. ఒకరోజు పనవ్వడం లేదని తొందర్లో నానే ఈ బిళ్ల తీసీసి స్విచ్ ఏసీసేను. ఆడి సెయ్యి లోపలుంది. నాలుగు వేళ్లు తెగిపోయేయి.” బిళ్లను బొటనవేలితో రుద్దాడు. “బిళ్ల జేబులో ఏసుకున్నాను. అప్పన్న బిళ్లే తగిలించలేదని అందరూ అనుకున్నారు. నాను నోరిప్పలేదు. ఆడు కూడా తనే మర్సిపోయేననుకుంటన్నాడు, ఇప్పటికీ. నా సేతులు ఎందుకొణుకుతాయో అడిగేవు కదేటి.”

నేనెప్పుడూ అడగలేదు. నవ్వానంతే. అది ఆయన చూశాడన్నమాట.

కొర్లయ్య వచ్చాడు. నేను లేచి నిలబడి, బిళ్ల విప్పింది నేనేనని, తప్పు గాడిలో పెట్టింది నేనేనని చెప్పాను. ఆయన అరుస్తాడనుకున్నాను. గోడకు చేరగిలి నేల మీద కూలబడ్డాడు. “అయితే రేపు నాను ఏ పక్కకెల్లాలమ్మా?” అన్నాడు.

పొద్దుపోయాక గాలింపు ముగిసింది. పారల ఫైళ్లు చాలావరకు దొరికాయి. కొర్లయ్య మమ్మల్ని గోడవైపు తిరగమన్నాడు. తిరిగాం. వెనక ఆయన ఒక్కొక్కటే తెరుస్తూ గొణుక్కుంటుంటే, గోడకున్న సున్నపు పెచ్చులు చూస్తూ నేను ఊరి దేవతలందరికీ మొక్కాను. చాలాసేపటికి, “ఆరు లేవు,” అన్నాడు. “మా అయ్య ఆకర్న సూపించినవి. ఆ సోటు కొండ గుర్తులు నాకంత బాగా తెలీవు.”

బాబాయ్ డబ్బు మాటెత్తబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. లాప్‌టాప్ తువ్వాల్లో చుట్టుకున్నాడు. బల్ల మీది బిళ్ల తీసి నా చేతిలో పెట్టాడు. “ఇది నాను తియ్యాల్సింది. నువ్వు తీసేవు. నీకాడే ఉంచుకో.” ఆ తర్వాత ఆయన మా షాపుకు రాలేదు.

మరుసటి ఆదివారం బాబాయ్ తగరపువలస బస్సెక్కాడు. సోమవారం సొరుగు తీస్తే అప్పన్న బిళ్ల లేదు. “అప్పన్నగారు ఏమన్నారు?” అని అడిగాను. “తిన్నావా అన్నాడు,” అని మాత్రం చెప్పి, తల వంచుకుని పనిలో పడ్డాడు. ఆయన చేతులు అప్పుడూ వణుకుతూనే ఉన్నాయి. తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. “బయం పోయిందన్నోడికి స్క్రూడ్రైవర్ ఇవ్వకు పైడీ,” అనేవాడు, ఆ తర్వాత ఎప్పుడైనా. ఆయన పోయి రెండేళ్లయింది.

ఈ ఉదయం ఆ అమ్మాయి ముందు ఎర్ర బిళ్ల, పెన్ను పెట్టాను. “పేరు నువ్వే రాయమ్మా. సాయంత్రం నువ్వొచ్చి చూసుకుని, నువ్వే తియ్యాలి.” విసుక్కుంటూనే రాసింది. ఆ పిల్ల వెళ్లాక సొరుగు తెరిచాను. కొర్లయ్య వంకర అక్షరాలు ఇంకా చెరగలేదు. ఆ ఆరు పారలు ఆయనకు మళ్లీ దొరికాయో లేదో నాకు తెలియదు. సొరుగు మూసి, స్క్రూడ్రైవరు ముందు పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి చేతులు వణకడం మొదలుపెట్టాయి. అప్పుడు దాన్ని అందుకున్నాను.