షాహీదాబీ సబ్బు సీసా

ప్రొద్దుటూరులోని ఒక పిల్లల ఆసుపత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలను ఉంచే వార్డు గుమ్మం పక్కనే కొళాయి ఉంటుంది. పంతొమ్మిదేళ్లుగా ఆ కొళాయి దగ్గర నిలబడుతున్న ఆయా పేరు షాహీదాబీ. బంగారు అంగళ్ల ఊరు కనుక ఇక్కడ ఎవరి చేతులూ బోసిగా ఉండవు. ఉంగరాలు, గాజులు తీసి ఆమె చేతిలో పెట్టాలి. నలభై లెక్కపెట్టేదాకా సబ్బుతో రుద్దాలి. అప్పుడే లోపలికి దారి.

"ఈ ఉంగరం మా మామ నాకు ఒక్కసారే పెట్టినాడు. నువ్వు రోజుకు పదిసార్లు ఊడబెరుకుతాండావు" అనేవాడు డాక్టర్ ఆదినారాయణ.

"వాపసు ఇస్తాండా గదా సార్. ఇంకా ఇరవై కూడా కాలే, రుద్దండి."

ఆమె తండ్రి నగల కొట్లలో ఊడ్చిన దుమ్ము తెచ్చి, బేసిన్లలో కడిగి బంగారు రజను తీసేవాడు. అడుగున మిగిలినదాన్ని పారబోయకూడదు, మళ్లీ నీళ్లు పోసి చూడాలి. ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్న ఆ అలవాటు ఆమె చేతుల్లో ఉండిపోయింది.

ఆగస్టులో ఒకే వారం ముగ్గురు బిడ్డలకు జ్వరం పట్టుకుంది. ఇద్దరు తేరుకున్నారు. మూడో బిడ్డ జమ్మలమడుగు దగ్గరి పల్లె నుంచి వచ్చిన నాగలత కూతురు. గొర్రెలు మేపుకునే కుటుంబం. కిలోన్నర కూడా లేని ఆ పాపకు ఇప్పుడు మిషనే ఊపిరి పోస్తోంది.

పులివెందుల నుంచి కొత్తగా వచ్చిన నర్సు భార్గవి కొళాయినీ, తువాళ్లనూ, సబ్బు సీసానూ దూదిపుల్లలతో తుడిచి, ఆ పుల్లలను ల్యాబుకు పంపింది. మూడో రోజు రిపోర్టు వచ్చింది. పాప రక్తంలో ఉన్న క్రిమే సబ్బు సీసాలోనూ ఉంది.

"కంపెనీ సబ్బే చెడ్డది. డబ్బాలన్నీ వాపసు పంపండి" అన్నాడు డాక్టరు.

షాహీదాబీ గుమ్మం దగ్గర నిలబడి ఆ మాట వింది. సీసాలో సబ్బు అడుక్కు రాగానే నీళ్లు పోసి కలిపేది ఆమే. దాని మీదే కొత్త సబ్బు పోసేది. ఆ సీసా పూర్తిగా ఖాళీ అయిందీ లేదు, దాన్ని కడిగిందీ లేదు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ కాన్పుల వార్డు ఆయా దిల్షాద్‌బీకి ఆ పని నేర్పింది తనే. ఇంకా ఎందరికి నేర్పిందో, వాళ్లు ఏ ఏ ఆసుపత్రుల్లో ఉన్నారో గుర్తు లేదు.

"సబ్బు మంచిదే సార్. నీళ్లు పోసింది నేను."

"ఎందుకు పోస్తాంటివక్కా?" అంది భార్గవి.

"మిగిలింది పారబోయలేక."

"నీళ్లు కలిసిన పాత సబ్బులోనే క్రిమి పెరిగింది" అంటూ డాక్టరు రిపోర్టు మడిచాడు. "ఆ పాప తల్లికి ఎవరు చెప్తారు?" అన్నాడు.

"నేనే చెప్తా."

వరండాలో షాహీదాబీ చెప్పిందంతా నాగలత విన్నది. "నువ్వు కడగమన్నెట్లే కడిగితి గదత్తా. నలభై లెక్కబెట్టి మరీ కడిగితి."

"నువ్వు బాగానే కడిగినావు మా. తప్పు నాది."

నాగలత మొహం తిప్పుకుంది. తర్వాత ఆమెతో మాట్లాడలేదు.

షాహీదాబీని గుమ్మం దగ్గర నుంచి తీసేశారు. ఇప్పుడు వెనుక గదిలో ఆమె పని ఒక్కటే. అన్ని వార్డుల సీసాలనూ ఖాళీ చేసి, వేడినీళ్లతో కడిగి, తడి లేకుండా ఆరబెట్టాలి. ఆ తర్వాతే కొత్త సబ్బు. మొదటిసారి అడుగున మిగిలింది పారబోసేటప్పుడు ఆమె చెయ్యి ఆగింది. పారబోసింది.

గోడ అవతలే కొళాయి. ఎవరు కడుక్కున్నా వినబడుతుంది. నోటికి పని లేకపోయినా లోపల లెక్క నడుస్తూనే ఉంటుంది. ఆ గదిలోకి మారిన ఐదో రోజు పొద్దున, పాపకు ఇంకా మిషన్ తీయలేదని భార్గవి చెప్పి వెళ్లిన కాసేపటికి నీళ్ల చప్పుడు మొదలైంది. పద్దెనిమిదికే ఆగిపోయింది.

అడిగే హక్కు తనకు లేదని ఆమెకు తెలుసు. అయినా గుమ్మం దాకా వచ్చింది.

కొళాయి దగ్గర నాగలత. కళ్లు వాచి ఉన్నాయి.

"ఇంకా కడగల్ల మా" అంది షాహీదాబీ.

నాగలత ఆమె వైపు చూడలేదు. కొళాయి మళ్లీ తిప్పి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టసాగింది.