పన్నెండో చీర ముక్క

ఉప్పల్ రింగురోడ్డు పక్కన టీ కొట్టులో ఈ ఉదయం కొట్టతను కడిగిన కప్పులు ఒకదాని మీద ఒకటి పేరుస్తుంటే, అన్నీ ఖంగుమన్నాయి, ఒక్కటి మాత్రం టక్కుమంది. పగులు కంటికి కనిపించలేదు గానీ నా చెవికి తెలిసిపోయింది. ఈ చెవి నాకు పుట్టుకతో రాలేదు, యాదగిరి సార్ ఇచ్చారు.

నాచారంలో పింగాణీ సామాన్ల ఫ్యాక్టరీలో ఆయన చెకింగ్ సూపర్‌వైజర్. నేను జనగామ నుంచి కొత్తగా వచ్చిన పిల్లను, ముక్కు మీద కోపం. మొదటిరోజే ఒక పళ్లెం చేతిలో పెట్టి, "గోటితోని కొట్టు బిడ్డా. మోగితే మంచిది. మోగకుంటే లోపల పగిలినట్టే" అన్నారు. మోగనిదాన్ని అక్కడికక్కడే పగలగొట్టాలి, లేకపోతే ఎవరో ఒకరు గేటు దాటించి అమ్ముకుంటారు. నాకు చేతులు రాలేదు. "పాపమనిపిస్తుంది సార్" అంటే, "గీడ పాపం గీపం లేదు, కొట్టు" అని కసిరారు. ఇరవై ఏళ్లు ఆయన పక్కనే కొట్టాను. నా అంత పనిమంతురాలు లేదని మురిసిపోయాను కూడా.

ఇంట్లో ఆయన వేరే మనిషి. భార్య రాజమ్మ పోయాక ఒంటిగదిలో ఉండేవారు. సెలవు దొరికితే పాతబస్తీలో పాత సామాన్ల దుకాణాల వెంట తిరిగి, నవాబుల ఇళ్లలోంచి వచ్చిన విందు పళ్లాలు ఏరి తెచ్చేవారు. అంచున బంగారు గీత, నడుమ నీలిరంగు రాజముద్ర. అలాంటివి పన్నెండు, ఒక్కోటీ రాజమ్మ పాతచీర ముక్కలో చుట్టి ఉండేది. "రాజులు తిన్న పళ్లెంల మన పచ్చిపులుసా?" అని నవ్వేవారు.

పోయినేడు పక్షవాతంతో దవాఖానాలో పడ్డారు. అదే వారం ఇంటి ఓనరు ఆ గది కూలగొడతానన్నాడు. "నువ్వు సర్దుతున్నవంటే నాకు ఫికర్ లేదు బిడ్డా" అని తాళంచెవి నాకిచ్చారు. సర్దాను, ఆయన నేర్పినట్టే. ప్రతి పళ్లాన్నీ గోటితో తట్టాను. పదకొండు మోగాయి. మోగని ఒక్కదాన్ని పగలగొట్టి చెత్తబండిలో వేశాను. సార్ మెచ్చుకుంటారనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

దవాఖానా నుంచి సార్‌ను మా ఇంటికి తీసుకొచ్చాక ఆయన ఒంటిచేత్తో మూటలు విప్పుకున్నారు. "మోగనిది ఏది?" అన్నారు. చెప్పాను.

"అది రాజమ్మ ఏరిన పళ్లెం. మా పెండ్లయిన కొత్తల. పగిలిందని ఎరికయ్యే తెచ్చుకున్నది. దాన్ని సూసే నేను మిగిలినయి ఎతుకుడు మొదలువెట్టిన."

"నాకెందుకు చెప్పలే సార్?" అని ఏడ్చాను.

"మోగనిది పగలగొట్టుమని నేనే నేర్పితి. ఏ మొకంతోని చెప్పాలె?"

మర్నాడు ఊరి చెత్తంతా పోసే జవహర్‌నగర్ వెళ్లి, ఆ చెత్తగుట్టల ముందు కాసేపు నిలబడి తిరిగొచ్చాను. ఆయన మళ్లీ ఒక్క మూటా విప్పలేదు. రెండు నెలలకు పోయారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పళ్లాలు ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి. పన్నెండో చీర ముక్క, ఆకుపచ్చది, ఉత్తదే మడిచి వాటి మీద పెట్టాను. దాన్ని చూసినప్పుడల్లా నా చేతుల మీద నాకే అసహ్యం.

టీ కొట్టతనికి కప్పు సంగతి చెబుదామని నోరు తెరిచాను. చెబితే పారేస్తాడు. ఆ కప్పులోనే ఇంకో టీ పోయించుకుని తాగాను.