కూర్చుని ఎత్తిన బస్తా

తొంభైల మొదట్లో, బందరులో కొత్తగా గుమాస్తా ఉద్యోగంలో చేరిన కుర్రాడికి ఆశలు పెద్దగా ఉండేవి కావు. చొక్కా చేతులు పైకి మడిస్తే చూసేవాళ్ళు ఒకసారి తల తిప్పాలి; ఆ తల మరదలిదైతే మరీ మంచిది. (ఇప్పుడు చొక్కా చెయ్యి మడిచేది బీపీ చూపించుకోవడానికే.) ఏ పనైనా పద్ధతి ప్రకారం చెయ్యడం, చేసింది డైరీలో రాసుకోవడం నాకు అప్పటికే అలవాటు. అందుకే మా వీధి చివర రేకుల షెడ్డులో వ్యాయామశాల నడిపే పెద్దాయనకి నేనంటే ప్రత్యేకమైన అభిమానం. ఆయన్ని అందరం కండల బాబాయ్ అనేవాళ్ళం.

ఆ షెడ్డు కప్పు బాగా కిందికి ఉండేది. నిలబడి రాడ్డు తలపైకి ఎత్తితే ఫ్యాను రెక్కకి తగిలేది. కాబట్టి భుజాల కసరత్తు అందరం బల్ల మీద కూర్చునే చేసేవాళ్ళం. "వీపు వెనక చెక్కకి ఆనించు. పాదాలు నేలకి అదుము. మోచేతులు రాడ్డు కిందే ఉండాలి, రెక్కల్లా విచ్చుకోకూడదు. ఎత్తుతూ ఊపిరి వదులు" అని బాబాయ్ చెప్పేవాడు. నేను అక్షరం పొల్లుపోకుండా చేసేవాణ్ణి. "కూర్చుని ఎత్తడంలో నిన్ను మించినవాడు ఈ షెడ్డులో లేడబ్బాయ్" అన్నాడు ఒకరోజు. ఆ మాటలో మొదటి ముక్క నేను పట్టించుకోలేదు.

మా మేనమామది అవనిగడ్డ పక్కన వ్యవసాయం. ఆయన కూతురు బందరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేది, కాలేజీ తరఫున షాట్‌పుట్ విసిరేది. మా పెళ్ళి మాట పెద్దవాళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే. మావయ్య మాత్రం "కుర్చీలో కూర్చుని కాగితాలు తిరగేసేవాడు, రేపు కోతలకొస్తే గట్టు మీద కూర్చుంటాడు" అని నాన్చుతూ ఉండేవాడు.

ఒక సాయంత్రం ఆయన గేదెలకి దాణా బస్తా కొనుక్కుని బస్టాండుకి వచ్చాడు. సాగనంపడానికి మరదలూ వచ్చింది. బస్సు టాపు మీదకి బస్తా వెయ్యాలి. కూలీ దగ్గరికి రాబోతుంటే నేనే అడ్డుపడ్డాను. "ఎందుకు మావయ్యా, నేనున్నాగా!"

మావయ్య నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "సరే అల్లుడూ. నువ్వు అందించావంటే రేపే పంతులుగారి దగ్గరికెళ్తా" అంటూ నిచ్చెన ఎక్కి, పైనుంచి చేతులు చాచాడు. నవ్వుతూనే అన్నాడు కానీ, అన్న మాట తప్పే మనిషి కాదు.

ఆ బస్తా నేను రోజూ ఎత్తే బరువుకంటే తక్కువే. ఛాతీ దాకా వచ్చింది, నుదుటి దాకా వచ్చింది. అక్కడ నా వీపు అలవాటు కొద్దీ చెక్క కోసం వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళింది. చెక్క లేదు. నడుము విల్లులా వంగింది, కాళ్ళు వాటంతటవే వెనక్కి నడిచాయి. ఎండుచేపలు అమ్ముకుని ఇంటికెళ్తున్న ఒకావిడ స్తంభం పక్కన ఖాళీ గంప బోర్లించి పెట్టుకుంది. సరిగ్గా దాని మీద కూలబడ్డాను. వీపు స్తంభానికి ఆనింది, పాదాలు నేలకి అదుముకున్నాయి, ఊపిరి వదిలాను. బస్తా నిటారుగా తలపైకి లేచింది! బాబాయ్ చూసుంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు.

"ఎత్తావు సరేలే అల్లుడూ," పైనుంచి మావయ్య కేకేశాడు, "ఇప్పుడు బస్సుని కూడా కూర్చోమంటావా?"

"నా గంప ఇరిగిందంటే ఊరుకోను బాబూ, లే ముందు!" అంది చేపలావిడ.

మరదలు నా చేతుల్లోంచి బస్తా తీసుకుని, ఒక్క ఊపిరిలో తండ్రికి అందించేసింది. బస్సు కదిలాక అంది: "బావా, నీ భుజాల్లో తప్పేం లేదు. నడుమే నిలబడ్డం లేదు."

ఆ రాత్రి డైరీలో ఒకటే మాట రాశాను: నిలబడాలి.

ఆదివారాలు మా డాబా మీద పాఠం మొదలైంది. మా అమ్మ అప్పడాలు ఎండబెట్టే నెపంతో కాపలా కూర్చునేది. "పాదాలు నడుమంత ఎడంగా పెట్టు బావా. తొడలూ పొట్టా బిగించు. పక్కటెముకలు పైకి లేవనీకు. తల కాస్త వెనక్కి తీసి రాడ్డుకి దారివ్వు, నుదురు దాటాక మళ్ళీ ముందుకి. మోకాళ్ళతో తొయ్యకు, అది దొంగాట!" షెడ్డులో మొనగాణ్ణి, ఇక్కడ ఖాళీ రాడ్డుకే వణికాను. ఎదురు డాబా వాళ్ళు బట్టలు ఆరేసే పని కూడా ఆదివారానికి మార్చుకున్నారు. అయినా మానలేదు. ఆ ఖాళీ రాడ్డుతోనే మొదలుపెట్టి, కొంచెం కొంచెం బరువు పెంచుకుంటూ, నడుము వంగినప్పుడల్లా దించి, మళ్ళీ ఎత్తాను.

వానలు మొదలయ్యాక మావయ్య మళ్ళీ దాణా కోసం వచ్చాడు. ఈసారి కూలీ వచ్చేలోపే ఆయన నిచ్చెన ఎక్కాడు, నేను బస్తా అందుకున్నాను. ఛాతీ, గడ్డం, నుదురు. వీపు ఎక్కడికీ వెళ్ళలేదు. బస్తా ఆయన చేతుల దాకా వెళ్ళి ఆగింది. ఆయన మాత్రం తీసుకోడే!

"మా అమ్మాయి నేర్పిందా?"

"అవును మావయ్యా, ముందు తీసుకో!"

"ఉండనీరా, కాసేపు చూడనీ" అని, మురిపెం తీరాక అందుకున్నాడు. మర్నాడే పంతులుగారి దగ్గరికి వెళ్ళాడు. పెళ్ళిలో తలంబ్రాలు కూర్చుని పోసుకునేవే కాబట్టి అక్కడైనా నాదే పైచెయ్యి అనుకున్నాను. ఆవిడ లేచి నిలబడి పళ్ళెం మొత్తం నా నెత్తిన బోర్లించింది.

ఇప్పుడు నా కుడి భుజం పట్టేసింది. కుర్చీలో వీపు ఆనించుకుని, నీళ్ళ సీసా పట్టుకుని నెమ్మదిగా చెయ్యి పైకెత్తమన్నాడు డాక్టరు. ఒకప్పుడు నన్ను నిలబెట్టినావిడే రోజూ కుర్చీ తెచ్చి గోడకి చేరుస్తుంది. బుద్ధిగా కూర్చుంటాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళగానే లేచి నిలబడి, పాదాలు సర్దుకుని, సీసా పైకెత్తుతాను. భుజం మూలుగుతుంది కానీ, బస్టాండులో గంప మీద కూలబడ్డ ఆ కుర్రాడికి నేను ఇంకా నిలబడి చూపించాల్సింది ఉన్నట్టే అనిపిస్తుంది.

"బావా," లోపలి నుంచి తాలింపు చప్పుడులో ఆవిడ గొంతు, "పక్కటెముకలు!"