నాయిన చెప్పింది, నేను రాసింది

షామీర్‌పేట దాటాక మా క్యాంపస్. అక్కడ వాతావరణం, ఇంధన విధానం చదివిన రెండేళ్లలో నాతో ఎక్కువగా మాట్లాడింది మెస్‌లో అన్నం వడ్డించే ఆవిడే. "ఇంకింత వెయ్యాల్నా?" అనేది. అంతే. తోటివాళ్లు మంచివాళ్లే, నన్నెవరూ ఏమీ అనలేదు. అసలు ఏమీ అనకపోవడమే నాకు బాధ. వాళ్ల ఇంగ్లీషు ముచ్చట్లలో నేను మాట వెతుక్కుని నోరు తెరిచేసరికి విషయం మారిపోయేది.

ఒకరోజు క్లాసులో తెరమీద ఫ్యాక్టరీ పొగగొట్టం ఫోటో వేశారు. నల్లటి పొగ. అందరూ అయ్యో అన్నారు. నాకేమో, 'మంటకు గాలి సరిపోవట్లేదు, ఆపరేటరు టీకి పోయినట్టున్నాడు' అనిపించి నవ్వొచ్చింది. చెప్పుకుని నవ్వడానికి పక్కన ఎవరూ లేరు. మా నాయిన సూరారం దగ్గర ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటరని అక్కడ ఎవరికీ తెలియదు. సిగ్గుపడి చెప్పలేదు, దాచడమెందుకు.

చివరి సెమిస్టర్‌లో పరిశోధన వ్యాసం రాయాలి. చిన్న ఫ్యాక్టరీల బొగ్గు బాయిలర్ల మీద రాస్తానన్నాను. ఎండలో తిరిగి ఆరుగురు ఆపరేటర్లను పట్టుకుంటే, గేటు దగ్గరే నాలుగు ముక్కలు చెప్పి తప్పించుకున్నారు. ఇంట్లో మాత్రం ఏడో మనిషి సిద్ధంగా ఉన్నాడు. ఆదివారాలు అన్నం తింటూ అడిగేదాన్ని. తడి బొగ్గు వేస్తే ఏమవుతుంది, పొగ ఎప్పుడు ఎక్కువ వస్తుంది అని. నాయిన కంచంలో చెయ్యి ఆపేసి మరీ చెప్పేవాడు. అన్నేళ్ల పనిలో ఆయన్నెవరూ అడగని ప్రశ్నలవి. ఎందుకని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. వ్యాసం చివర అలాంటి బాయిలర్లన్నీ మూసేయాలని రాశాను. అంటే నాయిన పని పోవాలని రాసినట్టే. ఇంటి గుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా!

మంచి మార్కులొచ్చాయి. "ఏడో ఆపరేటర్ చెప్పినవే ఈ వ్యాసానికి ప్రాణం" అన్నారు మా గైడ్ సార్. ఆ సాయంత్రం హాస్టల్ మెట్లమీద కూర్చుని ఏడ్చాను. సంతోషం చెప్పుకోవాల్సిన ఒక్క మనిషికీ చెప్పుకోలేను. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను.

ఇక దాచడం నా వల్ల కాలేదు. ఆదివారం వ్యాసం పట్టుకుని ఇంటికెళ్లాను.

"నాయినా, నువ్వు చెప్పినవన్నీ ఇందుల రాసిన."

"సదువు బిడ్డా, వింట," అని చేతులు కడుక్కొచ్చి కూర్చున్నాడు.

ఇంగ్లీషుని తెలుగు చేసుకుంటూ మొత్తం చదివాను, మూసేయాలన్న చివరి పేజీతో సహా. కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండేది.

"పొగ సంగతి నిజమే. నా దగ్గు నీకు ఎరుకే గద," అన్నాడు. "గీ ఏడో ఆపరేటరంటే నేనేనా?"

"నువ్వే నాయినా."

"మరి నా పేరెందుకు రాయలే?"

"పేర్లు రాయొద్దని రూలు. చెప్పినోళ్లకు నష్టం కావొద్దని."

నాయిన నిజంగానే అర్థంకాక నా ముఖంలోకి చూశాడు.

"నష్టమా? ఎవలితోని బిడ్డా?"

నాతోనే అనుకుంటూ, మూసేయాలన్న ఆ చివరి పేజీని మడిచి చేతిలో పెట్టుకున్నాను.